నా వీపు వెనక

నా హైస్కూలు నాట్యాలన్నీ
నా వీపు వెనకే జరిగాయి.

నెబ్రాస్కాలో హాస్‌ఫెల్ట్ మా ఊరు.
రైలు ఆగేది, ఆగినందుకు నొచ్చుకున్నట్టు వెంటనే కదిలేది.
గోధుమ గోదాము, పడని రెండు చర్చిలు, ఒక బడి.
బడి మొత్తానికి పియానో వచ్చినదాన్ని నేనొక్కదాన్నే.
ఆ విద్యే నా కొంప ముంచింది.

నాట్యం పాపమన్నారు బడి కమిటీ పెద్దలు.
ప్రిన్సిపల్ ఓస్టర్‌మన్ గారు రెండు రోజులు తల గోక్కుని
నోటీసు బోర్డుకి ఒక కాగితం గుచ్చారు:
"శుక్రవారం సాయంత్రం, సంగీతంతో నడక."
నడిచాం.
జంటలుగా, గుండ్రంగా, చేతులు పట్టుకుని నడిచాం.
నడిచారు, అనాలి.
నేను కూర్చునే ఉన్నాను.

బడి ఊడ్చే వాత్స్లావ్ తాత
పియానో ముందు చెక్కని అద్దంలా తోమేవాడు.
అందులో కనబడేవారు అందరూ,
తేనె రంగులో, కొంచెం వంకరగా,
నిజంగా ఉన్నదానికంటే అందంగా.
చూడకపోయినా చెప్పేదాన్ని, అడుగుల్ని బట్టి.
లిడియా క్రాట్స్‌వి వాళ్ళక్క బూట్లు, మడమల్లో గుడ్డలు కుక్కుకునేది.
ఓర్విల్ బూటు చిల్లుకి అట్టముక్క అడ్డం.
తడిస్తే అట్ట నోరు మూసుకుంటుంది గానీ
ఆ మూడేళ్ళూ వాన ఎక్కడిది?
వాగుతూనే ఉండేది.

బాస్కెట్‌బాల్ కూడా ఆ గదిలోనే.
బుట్టకి రెండు గజాల్లో బొగ్గు పొయ్యి.
ఆ సంగతి మావాళ్ళకి తెలుసు,
పక్క ఊరివాళ్ళకి తెలీదు.
మా గెలుపుల్లో సగం పొయ్యివే.

డిసెంబరు నాటకంలో జమీందారు మీసం సూపులో పడింది.
ఎల్మర్ దాన్ని చెంచాతో తీసి, తుడిచి, అతికించుకుని
అప్పుడు వెళ్ళి చచ్చిపోయాడు, నాటకంలో ఉన్నట్టే.
దుమ్ము తుఫాన్లు మొదలయ్యాక
మా నాన్న నవ్వడం నేను చూసింది ఆ రాత్రే.

మార్చిలో డబ్బాల వేలం.
అమ్మాయిలు భోజనం సర్ది, రంగుకాగితం చుట్టి, పేరు రాయకుండా పెట్టాలి.
పాడుకున్న అబ్బాయి ఆ పిల్లతో కలిసి తినాలి.
ఏ డబ్బా ఎవరిదో తెలియదని అందరూ నటించాలి.
నా డబ్బాకి మా ముందుగది గోడ కాగితం ముక్క చుట్టాను.
ఆ గోడని ఊరంతా ఎరుగును.
లోపల కోడికాలు, పులియబెట్టిన బీట్‌రూట్, రెండు రేగుపండ్ల రొట్టెలు.
ఎవరూ నోరు మెదపలేదు.
చివరికి ఇరవై సెంట్లకి పాడుకున్నది ఓస్టర్‌మన్ గారు.
బీట్‌రూట్ బాగుందని మూడుసార్లు అన్నారు.
మూడోసారికి నాకు ఏడుపొచ్చింది.

ఇక మే నెల, ఆఖరి శుక్రవారం.
గాలి లేచింది. కరెంటు పోయింది.
ఆపితే అందర్నీ ఇళ్ళకి పంపేస్తారు.
ఆపలేదు.
చెక్కలో మనుషులు మాయమయ్యారు.
మీటల్ని వేళ్ళే తడుముకుని పట్టుకున్నాయి.
అప్పుడు ఒక జత అడుగులు
గుంపులోంచి విడివడి నా స్టూలు వెనక ఆగాయి.
గుడ్డ కుక్కిన మడమ కాదు, అట్టముక్క కాదు.
నేనెరగని అడుగులు.
ఇన్ని శుక్రవారాలూ గోడకానుకుని నిలబడ్డవాళ్ళవి కాబోలు.
మాట లేదు.
కిటికీల మీద ఇసుక చిటపటలు, గుర్రపు జీను నూనె వాసన.
మూడు దెబ్బల తాళం అది.
ప్రతి మూడో దెబ్బకీ
నా స్టూలు కింద పలక కిర్రుమనేది.
నేను వాయిస్తున్నానో, ఆ బరువు నన్ను ఊపుతోందో.

దీపాలొచ్చాయి.
చెక్కలోకి చూశాను.
అందరూ ఉన్నారు, తేనె రంగులో.
నా వెనక మాత్రం ఖాళీ.

మొన్న బడి సామాను వేలం వేశారు.
పియానో పదకొండు డాలర్లకి పోయింది.
నేను పాడుకోలేదు.
నేలలో ఒక పలక కావాలన్నాను.
"ఏ పలకమ్మా?" అన్నాడు వేలం కుర్రాడు.
కాలితో నొక్కి చూపించాను.
"ఇది పాడైపోయింది కదా" అన్నాడు.
అవునన్నాను.